ఏ380 విమానం బిజినెస్ క్లాస్‌లో అమ్మానాన్నలకు ఏ సీట్లు తీసుకోమంటారు?

అమ్మానాన్నలు ఎమిరేట్స్‌లో హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా న్యూయార్క్ వస్తున్నారు. దుబాయ్ దాకా బోయింగ్ 777 విమానం. సీట్ మ్యాప్‌లో 2-3-2 (వరుసకు రెండు, మూడు, రెండు సీట్లు, మధ్యలో నడవాలు) కనిపిస్తోంది, నాలుగు గంటలేగా, సర్దుకుంటారు. నా టెన్షనంతా తర్వాతి 14 గంటల ఏ380 గురించే. అందులో 1-2-1 కాబట్టి ఎవరినీ దాటకుండా లేవొచ్చు. మధ్య సీట్లలో E (ఈ), F (ఎఫ్) అక్షరాలవి పక్కపక్కనే ఉంటాయి. డీ, జీ తీసుకుంటే ఇద్దరి మధ్యా బల్లలు అడ్డం.

సరే, ఈ-ఎఫ్ అనుకున్నాను. కానీ అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. పడుకుంటే కాళ్లు ముందు సీటు బల్ల కింద గూట్లోకి దూర్చాలి. మొదటి వరుసలో ఆ గూడు కాస్త వెడల్పుగా ఉంటుందా? పెద్దవాళ్లను ఇందులో పంపినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్. నాన్నకేమో కిటికీ కావాలట, అమ్మకు నాన్న పక్కనే ఉండాలట!