లండన్‌లో కలిసిపోయినా కింగ్‌స్టన్ వేరే ఊరిలా ఎందుకుంది?

ప్రశ్న:
థేమ్స్ ఒడ్డున ఉన్న కింగ్‌స్టన్ 1965లో గ్రేటర్ లండన్‌లో భాగమైంది. అయినా పటంలో చూస్తే అది శివారు కాలనీలా ఉండదు. వంతెన, సంత వీధి, నది ఒడ్డు చుట్టూ అల్లుకున్న పాత పట్టణంలాగే కనిపిస్తుంది. మహానగరం పక్కనే ఉండి కూడా ఈ ఊరు తన రూపాన్ని ఎలా నిలుపుకుందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి సమాధానం:
అసలు కారణం వంతెనే అని నా అభిప్రాయం. 1729లో పట్నీ దగ్గర వంతెన కట్టేదాకా, లండన్ బ్రిడ్జి నుంచి ఎగువకు వస్తే థేమ్స్‌పై తగిలే మొదటి వంతెన కింగ్‌స్టన్‌దే కాబట్టి, బండ్లూ పశువులూ సైన్యాలూ నది దాటాలంటే ఇక్కడికి రావలసివచ్చేది. దారులు కలిసిన చోట సంత నిలిచింది. లండన్ పెరిగి పెరిగి పుట్టించిన ఊరు కాదిది; 925లోనే ఆంగ్లో-సాక్సన్ రాజు ఏథెల్‌స్టాన్ పట్టాభిషేకం జరిగిన చోటు. సంత వీధికి కూతవేటు దూరంలో హాగ్స్‌మిల్ అనే చిన్న నది, 12వ శతాబ్దంలో కట్టిన క్లాటర్న్ వంతెన మూడు కమానుల కింద నుంచి పారి థేమ్స్‌లో కలుస్తుంది. ఆ వంతెన నేటికీ వాడుకలో ఉండడం నాకు చాలా ఇష్టమైన విషయం.

రెండో సమాధానం:
వంతెనతో పాటు ఆటుపోట్లను కూడా చూడాలి. సముద్రపు పోటు కింగ్‌స్టన్‌కు కాస్త దిగువనున్న టెడింగ్టన్ లాకు దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల కింగ్‌స్టన్‌లో నీటిమట్టం రోజూ పెరిగి తగ్గదు, కట్టడాలు నీటి అంచుదాకా రాగలిగాయి. దిగువన ట్వికెన్‌హామ్‌లో పెద్ద పోటు వచ్చినప్పుడు ఒడ్డు వీధి మీదికి నీళ్లొస్తాయి. ఇరుకు కమానులతో నీటిని ఆపి ఉంచిన పాత లండన్ బ్రిడ్జిని 1831లో తొలగించాక, ఇంకా దిగువనున్న రిచ్‌మండ్ దగ్గర ఆటు సమయంలో నది దాదాపు ఎండిపోయి బురద తేలేది; అందుకే 1894లో అక్కడ పైకి లేచే తలుపులతో ఆనకట్ట కట్టి, నీరు మరీ దిగిపోకుండా నిలుపుతున్నారు.

మూడో సమాధానం:
రైలును కూడా కలపాలి. 1838లో లండన్ నుంచి వచ్చిన మార్గం కింగ్‌స్టన్‌కు దక్షిణంగా పోవడంతో, స్టేషన్ చుట్టూ సర్బిటన్ అనే కొత్త శివారు లేచింది. కింగ్‌స్టన్‌కు రైలు 1863లో గానీ రాలేదు. రోజూ లండన్ వెళ్లివచ్చేవారి ఇళ్ల ఒత్తిడి ముందుగా సర్బిటన్ మీద పడింది కనుకనే సంత చుట్టూ ఉన్న పాత వీధులు కుదురుగా మిగిలాయని నేను అనుకుంటాను.