అల్ట్రాసోనిక్ తుంపర గాజు మీద సమంగా పరుచుకోవట్లేదు

నల్లగొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు చేస్తున్నా. గాజు స్లైడ్ మీద జింక్ ఆక్సైడ్ పల్చటి పొర వేయాలి. స్ప్రే గన్ బదులు హ్యూమిడిఫయర్‌లో వాడే, కరెంటుకి కంపించే బిళ్ల (20 ఎంఎం, 24 వోల్టులు, 1.7 మెగాహెర్ట్జ్) పెట్టాను. దాని ధ్వని తరంగాలకు ద్రావణం మీద చిన్న ఊట లేచి, సుమారు 3 మైక్రాన్ల తుంపర వస్తోంది. చిన్న ఫ్యాన్‌తో దాన్ని పైపులోంచి స్లైడ్ మీదికి పంపుతున్నా.

ద్రావణం 0.1 మోలార్ జింక్ అసిటేట్; వేడి గాజు మీద ఇదే జింక్ ఆక్సైడ్‌గా మారాలి. తెల్లగా మసకబారకుండా నాలుగు చుక్కల ఎసిటిక్ యాసిడ్ కలిపా. మొదట్లో బోరు నీళ్లు పోసి సున్నపు మరకలు తెచ్చుకున్నా, మన నల్లగొండ నీళ్ల సంగతి తెలిసిందేగా! ఇప్పుడు డిస్టిల్డ్ వాటరే.

స్లైడ్ కింది హాట్‌ప్లేట్ 150 డిగ్రీల దగ్గర ఉంటే టీ గ్లాసు మరకల్లా వలయాలు: అంచు మందం, మధ్య ఖాళీ. 350కి పెంచితే తుంపర గాజును తాకకుండానే పక్కకు జారిపోతోంది, కాలిన పెనం మీద నీటిచుక్క పరిగెత్తినట్టు. పైపు మూతి 2 సెం.మీ., 5 సెం.మీ. ఎత్తుల్లో పెట్టి చూశా. ఫ్యాన్ తగ్గిస్తే పైపులోనే చెమ్మపట్టి బొట్లుగా కారుతోంది. బిళ్ల కూడా మార్చా.

ఇలాంటి సెటప్ నడిపినవాళ్లు చెప్పండి: 350 డిగ్రీల దగ్గర పొర సమంగా పడాలంటే పైపు మూతిని ఎంత వెడల్పుతో, ఎంత ఎత్తులో పెట్టాలి?