అప్‌డేట్: డేగ పెట్ట గూట్లో కలిసింది, కాకి పెట్టే ఇంకా కాస్త...

నెల కిందట అడిగింది ఇదీ: కొత్తగా తెచ్చిన డేగ పెట్టని పాత పెట్టలు రెండూ (కాకి, నెమలి; ఇవన్నీ ఈకల రంగుని బట్టి కోళ్లకి పెట్టే పేర్లే) నెత్తిన పొడుస్తున్నాయి, ఏం చేయాలని. "రాత్రిపూట గూట్లో వదిలెయ్, తెల్లారేసరికి సర్దుకుంటాయి" అన్నవాళ్లే ఎక్కువ. అదొక్కటే చాలదండీ.

ముందు 14 రోజులు దూరంగా పశువుల పాకలో ఉంచాం, కోళ్లకి అంటుకునే కొక్కెర తెగులు గట్రా ఉంటే బయటపడుతుందని. తర్వాత వారం రోజులు సందులున్న గంప కింద పెట్టి, పాతవాటి మధ్యే బోర్లించాం. చూపు అందాలి, ముక్కు అందకూడదు. ఆ తర్వాతే చీకటి పడ్డాక గూట్లోకి. నూకల పళ్లేలు మూడు, ఒక్కోటీ నాలుగడుగుల ఎడంగా. ఒకే పళ్లెం పెడితే కాకి పెట్ట దాన్ని కాపలా కాస్తుంది.

అయినా కాకి పెట్ట పొడవడం వదల్లేదు. మూడు రోజులు దాన్నే గంపలో వేస్తే పెత్తనం సగం దిగింది. డేగ నెత్తిన గాయానికి పసుపు, వేపనూనె రాశాం. ఎర్రగా కనపడితే మిగతావీ పొడుస్తాయి మరి.

మచ్చిక సంగతి: పైనుంచి చెయ్యి చాపితే కొత్త పెట్ట గద్ద అనుకుని బెదురుతుంది. కింద కూర్చుని, అరచేతిలో చెదలు పెట్టి నేలకి ఆనించాలి. నెమలి పెట్టకి ఇవేం అక్కర్లేదు, ఒళ్లోకెక్కుతుంది. గొంతు కింద నిమిరితే దాని కింది రెప్ప మెల్లగా పైకి లేచి కన్ను మూతపడుతుంది.

ఇంకోటి, కోనసీమ వానలకి పెరడంతా బురదే. చూరు కింద తొట్లో బూడిద, పొడి ఇసుక సగం సగం పోస్తే మూడూ అందులోనే పొర్లుతున్నాయి, వంతులేసుకుని.