5 నిమిషాలు ఆగాలా, ముందే మందు వేయాలా?

గడియారం:
ఫిట్స్‌లో ఎమర్జెన్సీ ఎప్పుడంటే అందరూ చెప్పేది 5 నిమిషాలు. ఆ అంకెను తప్పుగా చదువుతున్నామని నా వాదన. మూర్ఛ వైద్యుల అంతర్జాతీయ సంస్థ ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ 2015లో ఇచ్చిన నిర్వచనంలో రెండు గడువులున్నాయి. ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకునే ఫిట్‌కి మొదటిది 5 నిమిషాలు. అది దాటితే తనంతట తాను ఆగే అవకాశం తగ్గుతుంది. రెండోది 30 నిమిషాలు. ఆపైన మెదడుకు శాశ్వత నష్టం జరగొచ్చు. కాబట్టి 5వ నిమిషానికి మందు ఒంట్లో ఉండాలి. మందు డబ్బా వెతకడం అప్పుడు మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

నైట్‌డ్యూటీ:
సగమే ఒప్పుకుంటాను. ఈ రకం ఫిట్స్ చాలావరకు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. మొదటి నిమిషంలోనే మిడజోలామ్ (ఫిట్‌ను ఆపే మత్తు మందు) ఇస్తే, ఎలాగూ ఆగేదాన్ని మనమే ఆపామనుకుంటాం. ఆ మత్తు వల్ల ఇంకో చిక్కు: మనిషి తెలివిలోకి రాకపోతే అది మందు ప్రభావమో, కదలికలు లేకుండా లోపల ఫిట్ నడుస్తోందో ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) పెట్టకుండా తేల్చలేం. పైగా 5 నిమిషాల గడువు అన్ని రకాలకూ కాదు. మెదడులో ఒక భాగంలో మొదలై స్పృహ మసకబారే ఫోకల్ ఫిట్‌కి అది 10 నిమిషాలు, శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఆబ్సెన్స్ రకానికి 10–15.

రిసెప్టర్:
ఆలస్యానికి మూల్యం ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. మిడజోలామ్, లొరాజెపామ్, డయాజెపామ్ లాంటి బెంజోడయాజెపైన్‌లు పనిచేసేది నాడీకణాలను శాంతపరిచే గాబా రిసెప్టర్ల మీద. ఫిట్ సాగేకొద్దీ అవి నాడీకణం పైపొర నుంచి లోపలికి వెళ్లిపోతాయి, ఉద్రేకం పెంచే ఎన్ఎండీఏ రిసెప్టర్లు పైకి వస్తాయి. తాళం చెవి అదే, తాళాలే తగ్గిపోతాయి. 5వ నిమిషంలో పనిచేసిన మోతాదు 25వ నిమిషంలో పనిచేయకపోవడానికి అదొక కారణం.

నైట్‌డ్యూటీ:
మందు ఇస్తే ఊపిరి ఆగిపోతుందన్న భయం మాటేమిటి? చాలామంది చేయి వెనక్కి లాగేది అక్కడే.

రిసెప్టర్:
ఆ భయానికి 2001లో వచ్చిన ట్రయల్‌లో జవాబుంది. ఆసుపత్రికి చేరకముందే మందు ఇచ్చిన ఆ ట్రయల్‌లో ఊపిరి లేదా రక్తప్రసరణ సమస్యలు లొరాజెపామ్ వాళ్లలో 10.6 శాతం, డయాజెపామ్ వాళ్లలో 10.3 శాతం, మందు లేని ప్లాసిబో వాళ్లలో 22.5 శాతం. ఊపిరిని ఎక్కువ దెబ్బతీసేది ఆగని ఫిట్టే.

మోతాదు:
టైమ్ గురించే మాట్లాడుతున్నారు, అసలు పొరపాటు మోతాదులో ఉంది. భయపడి సగం ఇస్తారు, ఆగకపోతే ఇంకాస్త, మళ్లీ ఇంకాస్త. దాంతో నిమిషాలూ పోతాయి, పూర్తి ప్రభావమూ రాదు. ఐవీ (నరంలోకి సూది) దొరికితే లొరాజెపామ్ కిలోకు 0.1 మి.గ్రా., ఒకసారికి గరిష్ఠం 4. దొరక్కపోతే నరం కోసం పొడుస్తూ కూర్చోకండి. కండలోకి మిడజోలామ్: 40 కిలోలు దాటితే 10 మి.గ్రా., 13 నుంచి 40 కిలోలైతే 5. 2012లో ర్యాంపార్ట్ ట్రయల్‌లో ఇదే పద్ధతిలో ఆసుపత్రికి చేరేసరికి 73.4 శాతం మందికి ఫిట్ ఆగింది, ఐవీ లొరాజెపామ్‌తో 63.4. ఈలోగా ఎవరైనా గ్లూకోజ్ చూడాలి. షుగర్ పడిపోయి వచ్చిన ఫిట్‌కి ఏ బెంజో అయినా అసలు మందు కాదు.

గడియారం:
ఆ లెక్కలు ఆంబులెన్స్‌కీ వార్డుకీ సరిపోతాయి. ఇంట్లో ముక్కు స్ప్రే దగ్గర వేరే తప్పులు జరుగుతాయి. 5 మి.గ్రా. మిడజోలామ్ స్ప్రేలో ఉండేది ఒక్కటే డోసు. పనిచేస్తుందో లేదో చూద్దామని గాల్లోకి ఒకసారి నొక్కితే అయిపోయినట్టే. ఆగకపోతే, ఊపిరి సరిగా ఆడుతుంటేనే, 10 నిమిషాల తర్వాత రెండో స్ప్రే ఇంకో ముక్కు రంధ్రంలో. ముక్కు డయాజెపామ్‌కి ఆ ఎడం 4 గంటలు. ఈ రెండింటినీ కలగలిపి గుర్తుపెట్టుకుంటే ప్రమాదం.

నైట్‌డ్యూటీ:
సరే, వరసగా వచ్చే ఫిట్స్ విషయంలో నేను మీవైపే. మధ్యలో తేరుకుంటూ ఒకటి తర్వాత ఒకటి వస్తే ఏ ఒక్కటీ 5 నిమిషాలు దాటకపోవచ్చు, గడియారం చూస్తూ కూర్చుంటే మందు పడదు. అయితే ఇలా వరసగా వచ్చే ఫిట్స్‌ని, అంటే క్లస్టర్‌ని, 24 గంటల్లో రెండా, మూడా, 6 గంటల్లో రెండా అని ఒక్కొక్కరు ఒక్కోలా నిర్వచించారు.

మోతాదు:
అందుకే పుస్తకంలోని అంకె కంటే ఆ మనిషి మామూలు సరళిని కొలబద్దగా పెట్టుకోవాలి. నెలకొకటి వచ్చే మనిషికి ఒక పూటలో రెండొస్తే ఎమర్జెన్సీ, రోజూ నాలుగు వచ్చే మనిషికి కాదు. ఎన్నో ఫిట్‌కి స్ప్రే కొట్టాలి, రెండో డోసు ఎప్పుడు, దేనికి ఆంబులెన్స్ పిలవాలి అన్నవి డాక్టర్ ముందే ఒక కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితం స్ప్రే డబ్బాకే కట్టి ఉండాలి, ఫైల్లో కాదు.