డైనమో ఇంట్లోనే విప్పి మార్చుకోవచ్చా? (2009 ఆల్టో, శ్రీకాకుళం)

టెక్కలి మాస్టారు:

అందరికీ నమస్కారం. డైనమో అంటే ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చేది, ఆల్టర్నేటర్ అంటారే, అదే. నాది 2009 ఆల్టో, పెట్రోలు. లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఇల్లు శ్రీకాకుళంలో, బడి టెక్కలి దగ్గర. మామూలుగా బస్సుకే వెళ్తాను. వానలప్పుడు, మా ఆవిడకి కూడా అటు పనున్నప్పుడు కారు తీస్తాను.

రెండు నెలల కిందట ఓ పొద్దున సెల్ఫ్ కొడితే టకటకమని చప్పుడే గానీ ఇంజిన్ తిరగలేదు. బ్యాటరీ షాపతను మీటరైనా పెట్టకుండా "నాలుగేళ్లయింది కద సార్, అయిపోయినట్టే" అన్నాడు. నాలుగు వేల చిల్లర పోసి కొత్తది వేయించాను, 35 ఆంపియర్ అవర్ది. మూడు వారాలు బాగానే ఉంది.

మొన్న గురువారం రాత్రి టెక్కలి నుంచి వస్తున్నాం. వాన. కోటబొమ్మాళి దాటాక హెడ్‌లైట్లు పండు నిమ్మకాయ రంగులోకి దిగిపోయాయి. వైపర్లు సగం దాకా వచ్చి ఆలోచిస్తున్నాయి. హారన్ కొడితే జలుబు చేసినవాడి గొంతులా ఉంది. కాసేపటికి ఇంజిన్ కూడా ఆగిపోయింది. నరసన్నపేట నుంచి మా బావమరిది వచ్చి, తన బండికి కేబుళ్లు తగిలించి అరగంట చార్జింగ్ పెట్టాడు. బ్లోయర్, పాటలు అన్నీ ఆపేసి అతని బండి వెనకే నెమ్మదిగా ఇల్లు చేరాం.

ఇంకో సంగతి. ఆ వారం రోజులుగా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ బొమ్మ మసగ్గా వెలుగుతోంది. గుంతలో పడితే ఆరిపోయేది, రోడ్డు బాగుంటే మళ్లీ వెలిగేది. "మన కారుకి గుంతలంటేనే ఇష్టంలా ఉంది" అని మా ఆవిడ నవ్వింది కూడా.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే "డైనమో పోయింది సార్, మొత్తం మార్చాలి, కొత్తదైతే ఏడున్నర వేలు, రెండ్రోజులు బండి వదిలెయ్యండి" అన్నాడు. బండి చూడకుండానే! బ్యాటరీ విషయంలో ఒకసారి చెంపదెబ్బ తిన్నాను, మళ్లీ తినే ఓపిక లేదు.

నేను చెప్పేది ఫిజికల్ సైన్స్. పిల్లలకి ఫ్లెమింగ్ కుడిచేతి నియమం (డైనమోలో పుట్టే కరెంటు దిక్కు చెప్పేది) చెప్తాను గానీ, డైనమోని ఆ కుడిచేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. ఇంట్లో పానాల సెట్టు ఉంది, మల్టీమీటరు ఉంది, రెండో శనివారం సెలవుంది. నా వల్ల అవుతుందా?

బొబ్బిలి కుర్రాడు:

సార్, పానా పట్టుకునే ముందు మీటరు పట్టుకోండి. డీసీలో 20 వోల్టుల రేంజి పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద చూడండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.5 లోపు రావాలి. రాకపోతే చార్జింగ్ లేదు. 15 దాటితే అది ఇంకో రోగం, వోల్టేజిని అదుపులో పెట్టే రెగ్యులేటర్ది.

అప్పుడు లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి. రెండు హెడ్‌లైట్లకే 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు పైనే. డైనమో ఇవ్వకపోతే అదంతా బ్యాటరీలోంచే పోతుంది. కోటబొమ్మాళిలో మీకు జరిగింది అదే.

ఒక్కటి మాత్రం చేయకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగిందా లేదా" చూడమని పాతవాళ్లు చెప్తారు. ఆ రోజుల్లో బండ్లలో కంప్యూటర్ లేదు. ఇప్పుడలా పీకితే వోల్టేజి ఎగిరి డయోడ్లు (డైనమోలో ఏసీని డీసీ చేసేవి), ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) రెండూ పోవచ్చు.

విజయనగరం బావ:

మాస్టారూ, ఏటండీ ఈ తిప్పలు? కార్ల పని ఇంట్లో మొదలెడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేనో సారి బ్రేక్ ప్యాడ్లు మార్చబోయి, పూల్‌బాగ్ నుంచి మయూరి జంక్షన్ దాకా ట్రాలీ ఆటో వెనక కట్టించుకుని వెళ్లాను. బోల్టు తల అరిగిపోతే మీ దగ్గర ఏముంది? మెకానిక్ దగ్గర వెల్డింగ్ ఉంటుంది. ఆలోచించుకోండి. జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి మాత్రం దూరకండి.

టెక్కలి మాస్టారు:

కొలిచాను. ఆగి ఉంటే 12.4. స్టార్ట్ చేశాక 12.1. లైట్లు వేస్తే 11.7. యాక్సిలరేటర్ తొక్కినా అంతే, పెరగలేదు. డైనమో వెనక లావు వైరు తగిలే బోల్టు మీద పెట్టినా అదే లెక్క. అంటే దారిలో వైరు తెగలేదు, డైనమోయే ఇవ్వడం లేదనుకుంటాను. బెల్టు బాగానే బిగుతుగా ఉంది, జారడం లేదు.

సాలూరు డైనమో:

మాస్టారూ, నమస్తే. మాది సాలూరు. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా అంటున్నారు గానీ నా నోటికి విజయనగరం జిల్లా అనే వస్తుంది. 31 ఏళ్లు లారీల కరెంటు పని చేసి, కళ్లు సరిగ్గా ఆనక మానేశాను. మా ఊళ్లో ఇంటికో లారీ అంటారు. సుంకి ఘాట్ రోడ్డు మలుపుల్లో రాత్రిపూట లైట్లు పోతే డ్రైవరుకి దేవుడే దిక్కు. అందుకే మా దగ్గర డైనమో పని తెలిసినవాడికి ఏనాడూ అన్నానికి లోటు లేదు. లారీకి 24 వోల్టులు, మీ కారుకి 12, అంతే తేడా. రోగాలన్నీ ఒకటే.

అందరూ వోల్టులే చూశారు గానీ మీరు రాసిన మొదటి మాటలోనే జవాబుంది. గుంతలో పడితే లైటు ఆరిపోతోందన్నారు కదా? అది కార్బన్లు అరిగిపోయిన బండి చెప్పే మాట.

లోపల తిరిగే రోటర్‌కి రెండు రాగి రింగులుంటాయి. వాటి మీద రెండు చిన్న కార్బన్ ముక్కలు స్ప్రింగు బలంతో ఆని ఉంటాయి. రోటర్‌కి కరెంటు వాటి గుండానే పోవాలి, అప్పుడే అది అయస్కాంతం అవుతుంది. కార్బన్ అరిగి పొట్టిదైతే స్ప్రింగు దాన్ని రింగు దాకా నెట్టలేదు. కుదుపు వస్తే ఓ క్షణం ఆనుకుంటుంది, చార్జింగ్ వస్తుంది, లైటు ఆరుతుంది. మళ్లీ వదిలేస్తుంది. మీ ఆవిడ నవ్విన ఆ మాట మెకానిక్ చెవిన వేసి ఉంటే ఏడున్నర వేల లెక్క చెప్పేవాడు కాడు.

నమ్మకం కుదరకపోతే ఇలా చేయండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టి ఉంచి, పొడవాటి స్క్రూడ్రైవర్ పిడితో డైనమో వెనక వైపు మెల్లగా తట్టండి. బెల్టుకి, ఫ్యానుకి చెయ్యి దూరంగా. చొక్కా చేతులు మడవండి, మెడలో తువ్వాలు ఉంటే తీసెయ్యండి. అంకె ఎగిరి పడిందంటే కార్బన్లే.

పనిలో పనిగా మీటరు ఏసీకి మార్చి బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే డయోడ్ ప్లేటు కూడా పోయినట్టు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది.

ఇంక ఇంట్లో విప్పడం సంగతి. విప్పండి, బిగించండి, అది మీ పనే. లోపల పని మాత్రం చేయకండి. కొన్నింటిలో కార్బన్ తోక వైరుకి టంకం వెయ్యాలి, బేరింగ్ తీయడానికి పుల్లర్ కావాలి. డైనమో ఒక్కటీ సంచిలో వేసుకుని డైనమోలు విప్పే ఎలక్ట్రీషియన్ దగ్గరికి పట్టుకెళ్లి, ఎదురుగా కూర్చుని చేయించుకోండి. బండి వదలక్కర్లేదు.

బ్యాటరీ మైనస్ తీయందే దేన్నీ ముట్టుకోకండి. డైనమో వెనక లావు వైరులో బండి ఆపినా కరెంటు ఉంటుంది. పానా అటు బోల్టుకీ ఇటు బాడీకీ తగిలిందంటే నిప్పులు రాలతాయి. నాకు కుడిచేతి మీద ఇప్పటికీ మచ్చ ఉంది, ఉంగరం కాలి పడింది. కాబట్టి ఉంగరం కూడా తీసెయ్యండి. తర్వాత ఫోన్‌తో వైర్ల ఫొటో తీసుకుని సాకెట్, లావు వైరు ఊడదీయండి. డైనమోని పట్టుకునేవి రెండు: ఇరుసులా దూరిన పొడవు బోల్టు ఒకటి, చంద్రవంకలా వంగిన పట్టీలో జారే బోల్టు ఇంకొకటి. రెండూ వదులు చేసి డైనమోని ఇంజిన్ వైపు నెట్టితే బెల్టు జారిపోతుంది. ఆ రెండు బోల్టులకీ ముందు రోజు రాత్రే తుప్పు నూనె కొట్టి ఉంచండి. విజయనగరం బావగారు చెప్పిన అరిగిన తలల భయం అక్కడే సగం తీరిపోతుంది.

కళింగపట్నం గాలి:

పెద్దాయన చెప్పాక మాట్లాడ్డానికి ఏముంది గానీ, సముద్రం దగ్గరవాడిగా ఒక మాట. నేను డైనమో మార్చించుకున్నాక కూడా చార్జింగ్ సరిగ్గా రాలేదు. మూడు నెలలు తిరిగాక తెలిసింది, ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ ఉప్పుగాలికి లోపల్లోపలే పొడి అయిపోయింది. పైకి బాగానే కనిపించింది. లైట్లు వేసి ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఒక మొన డైనమో ఒంటి మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. 0.2 వోల్టుకి మించి చూపిస్తే ఎర్త్ విప్పి గీకి బిగించాలి.

టెక్కలి మాస్టారు:

రెండో శనివారం అయిపోయింది. జరిగింది చెప్తాను.

ముందు పెద్దాయన చెప్పినట్టు తట్టాను. 12.1 ఉన్న అంకె ఒక్కసారి 13.9కి ఎగిరింది, మళ్లీ పడిపోయింది. మళ్లీ తట్టాను, మళ్లీ ఎగిరింది. మా ఆవిడని పిలిచి చూపించాను. "నీ కార్బన్లు నేను ఎప్పుడో కనిపెట్టాను" అంది. ఏసీలో 0.04, అంటే డయోడ్లు బానే ఉన్నాయి. ఎర్త్ 0.05, కళింగపట్నం వారి అనుమానం మా బండికి వర్తించలేదు.

శుక్రవారం రాత్రే తుప్పు నూనె కొట్టాను. అయినా ఇరుసు బోల్టు కదల్లేదు. 14 నంబర్ రింగు పానాకి బోరింగు పైపు ముక్క తొడిగి లాగితే "టక్" మంది. బోల్టు విరిగిందనుకుని గుండె ఆగినంత పనైంది. విరగలేదు, తుప్పు వదిలింది. ఇంక పని నడిచింది గానీ, లావు వైరు మీది నట్టు జారి కింద గార్డులో పడింది. దాన్ని పైకి తీయడానికి బడిలో ఉన్న అయస్కాంతం గుర్తొచ్చింది. తెచ్చుకునేందుకు అది శ్రీకాకుళంలో లేదు కదా. చివరికి మా అమ్మాయి స్పీకర్ పగలగొట్టి... అంత వద్దులెండి, పాత రేడియో స్పీకర్ అయస్కాంతం దారానికి కట్టి దింపితే వచ్చింది. అయస్కాంతం, నట్టు కలిపి నలభై నిమిషాలు.

డైనమోని సంచిలో వేసుకుని టూవీలర్ మీద ఏడు రోడ్ల జంక్షన్ అవతల ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పెద్ద బోర్డేమీ లేదు, బల్ల, టంకం, ఒక రేడియో. విప్పాడు. ఒక కార్బన్ పక్కా 5 మిల్లీమీటర్లు ఉంది. రెండోది మూడు కూడా లేదు, దాని చివర గోరు తీసినట్టు ఏటవాలుగా అరిగింది. రింగు మీద నల్లటి పొడి. సన్న ఎమిరీ కాగితంతో రింగులు తుడిచాడు, మీటరు రెండు రింగుల మీద పెడితే 3 ఓములు చూపించింది, రోటర్ బాగుందన్నాడు. ముందు బేరింగ్ తిప్పి చెవి దగ్గర పెట్టమన్నాడు. గరగర. అదీ మార్చాడు. కార్బన్లు, బేరింగ్, కూలీ అన్నీ కలిపి 950 తీసుకున్నాడు. నేను అడగకుండానే పాతవి కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బెల్టు కూడా కొత్తది కొన్నాను, 280. బిగించేటప్పుడు పైపుతో గట్టిగా లాగేశాను. స్టార్ట్ చేస్తే ఈలపాట. బేరింగ్ మళ్లీ చంపేస్తున్నానని అర్థమై, బోల్టు వదులు చేసి, మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు దిగేలా పెట్టాను. ఈల ఆగింది.

సాయంత్రం ఇంజిన్ నడుస్తుండగా 14.2. లైట్లు, బ్లోయర్, వైపర్లు అన్నీ వేసినా 13.8. బ్యాటరీ వైరు తీసినందుకు కారు గడియారం 1:00 అని మెరుస్తోంది. బావమరిది దగ్గర చార్జర్ తెచ్చుకుని బ్యాటరీని రాత్రంతా నెమ్మదిగా చార్జి చేశాను. నీరసించిన బ్యాటరీని నింపే పని బాగుచేసిన డైనమో నెత్తిన వెయ్యడం ఎందుకని.

ఈ రోజు టెక్కలి వెళ్లొచ్చాం. ఎర్ర లైటు వెలగలేదు. గుంతలు అక్కడే ఉన్నాయి.

పొద్దున్న స్టార్ట్ చేసిన వెంటనే ఓ క్షణం కీచుమంటోంది, తర్వాత లేదు. ఏమైనా భయపడాలా?

సాలూరు డైనమో:

భయం లేదు. కొత్త బెల్టు సాగుతుంది. మూడు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మళ్లీ బొటనవేలు పెట్టి చూడండి. సెంటీమీటరుకి మించి దిగితే కొంచెం లాగండి. ఈసారి పైపు వద్దు.