వలీమాలో రొయ్యలు పెట్టొచ్చా? మక్రూహ్ అంటే హరామేనా?

భీమవరం వంటాయన:
నమస్తే అండి. క్యాటరింగ్ చేస్తుంటాను. వచ్చే నెల ఒక వలీమా ఆర్డరుంది, అదే, ముస్లిం పెళ్ళి తర్వాత పెళ్ళికొడుకు వైపువాళ్ళిచ్చే విందు. మా వైపు రొయ్యల ఇగురు లేకపోతే విందే కాదు కదా, అడక్కుండానే మెనూలో రాసేశాను. పెళ్ళికొడుకు పెదనాన్నగారు చూసి "మక్రూహ్, తీసెయ్యి" అన్నారు. పెళ్ళికూతురు వాళ్ళది హైదరాబాద్ బార్కస్. వాళ్ళేమో "మాకు హలాలే, పెట్టించండి" అంటున్నారు. రెండు వైపులా నమాజు తప్పనివాళ్ళే! ఎవరి మాట వినాలి?

ఊరికే ఇంకోటి. మేం క్రైస్తవులం. వాళ్ళింటి పిల్లల పేర్లు యూనుస్, అయ్యూబ్, యహ్యా. మా యోనా, యోబు, బాప్తిస్మమిచ్చు యోహానులేనట. ప్రవక్తలందరూ ఉమ్మడేనా?

గుంటూరు ఉర్దూ మాస్టారు:
బాబూ, మక్రూహ్ అంటే మతపరంగా అయిష్టమైనది. హనఫీ, షాఫయీ అనేవి ఇస్లాం ధర్మశాస్త్రంలో రెండు సంప్రదాయాలు. పెదనాన్నగారిది హనఫీ పద్ధతి. మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువమంది హనఫీలే. బార్కస్‌లో నిజాం కాలంలో యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి ఉంది, వాళ్ళు షాఫయీలు. హనఫీల్లో నీటి జీవాల్లో చేప ఒక్కటే హలాల్. రొయ్య చేపా కాదా అన్నదే తగువంతా. చేపే అన్న హనఫీ ముఫ్తీలూ (మత తీర్పులు చెప్పే పండితులు) ఉన్నారు. హైదరాబాద్‌లోని జామియా నిజామియా అనే మత విద్యాసంస్థ మాత్రం 2018లో మక్రూహ్ తహ్రీమీ అని ఫత్వా ఇచ్చింది. అంటే హరామ్‌కి, పూర్తి నిషేధానికి, గుమ్మం దాకా వచ్చినట్టు. మక్రూహ్ తన్జీహీ అని ఇంకోటుంది, అది చెయ్యకపోతే మేలు అనేంతవరకే. కాబట్టి "మక్రూహ్" అనగానే ఏ మక్రూహో అడగాలి.

చెయ్యాల్సిన పనుల్లోనూ ఇలాగే మెట్లుంటాయి. తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజులో రెండు రకాతులు (నమాజులో ఒక్కో ఆవృతి) ఫర్జ్, అంటే తప్పనిసరి. వాటి ముందు రెండు సున్నత్, అంటే ప్రవక్త ఆచరించి చూపినవి. రాత్రి చేసే ఇషా నమాజు తర్వాత విత్ర్ అనే నమాజు హనఫీలకు వాజిబ్, అంటే ఫర్జ్‌కి ఒక మెట్టు కింద. షాఫయీలకు అదే విత్ర్ గట్టి సున్నత్.

ప్రవక్తలా? ఖురాన్‌లో పేరుతో వచ్చినవాళ్ళు 25 మంది. చాలామంది మీకు తెలిసినవాళ్ళే. దావూద్, సులైమాన్ మీకు ప్రధానంగా రాజులు, మాకు ప్రవక్తలు కూడా. హూద్, సాలిహ్ బైబిల్లో లేరు. యెషయా, యిర్మీయా పేర్లు ఖురాన్‌లో లేవు. అలాగని కాదన్నట్టు కాదు. కొందరి గురించి చెప్పాం, కొందరి గురించి చెప్పలేదు అని ఖురాన్ 40వ సూరాలోనే (అధ్యాయంలోనే) ఉంది. ప్రవక్తల్లో అందరికంటే ఎక్కువసార్లు వచ్చే పేరు మూసా, మీ మోషే. మర్యమ్ పేరు మీద ఏకంగా ఒక సూరా ఉంది, కానీ ఎక్కువమంది పండితులు ఆమెను నబీగా, అంటే ప్రవక్తగా, లెక్కించరు.

బార్కస్ కుర్రాడు:
మాస్టారూ సలాం. మా మాట కూడా రాయండి మరి. "సముద్రపు వేట మీకు హలాల్" అని ఖురాన్ 5వ సూరా 96వ ఆయత్‌లో (వాక్యంలో) ఉంది. షాఫయీలు దాన్ని పట్టుకునే రొయ్యలు తింటారు. మా అమ్మమ్మ రొయ్యల బిర్యానీ తిన్నాక ఎవరూ ఫత్వా అడగరు, ఇంకో ప్లేటే అడుగుతారు.

నెల్లూరు సల్మా:
మేం హనఫీలమే, మా ఇంట్లో తరాలుగా తింటున్నాం. పీతలు మాత్రం గడప తొక్కవు. వంటాయనా, మీ అసలు ప్రశ్నకు జవాబు తేలిక. వలీమా పెట్టేది పెళ్ళికొడుకు ఇంటివాళ్ళు, మెనూ వాళ్ళ ఇష్టం. చేపకు జబీహా (ఇస్లాం పద్ధతిలో కోయడం) అక్కర్లేదు గానీ కోడి, మాంసం ఎక్కడ కోయించారో తప్పకుండా అడుగుతారు, ముందే చెప్పేయండి. ఒకవేళ వాళ్ళు ఒప్పుకుని రొయ్యలు పెట్టినా మూకుడు, నూనె, గరిటె వేరే పెట్టండి. మా బంధువుల పెళ్ళిలో ఒకే నూనెలో చేపా రొయ్యా వేయించేసరికి ముసలాళ్ళు చేప కూడా ముట్టలేదు.

భీమవరం వంటాయన:
పెదనాన్నగారికి ఫోన్ చేశాను. రొయ్యలు తీసేసి కొర్రమీను పెట్టమన్నారు. బార్కస్ వాళ్ళకు ముందురోజు వియ్యాలవారి విడిదిలో విడిగా రొయ్యల వేపుడు పంపమన్నారు, డబ్బులు ఆయనవే! సల్మాగారూ, కోడి కోసేందుకు మసీదు దగ్గరి ఆయన్నే పిలుస్తున్నాను.