పీపాలో ఊరిన ఏల్‌కి మిరపకాయ కావాలా, వద్దా?

రాజోలు కుర్రాడు
కనుమ నాడు మా బావ అమెరికా నుంచి తెచ్చిన సీసా విప్పామండి. 12 శాతం ఆల్కహాలున్న స్ట్రాంగ్ ఏల్, అంటే ఒక రకం బీరు. బోర్బన్ అనే అమెరికా విస్కీ పోసి ఖాళీ చేసిన పీపాలో ఎండుమిరపకాయలతో పాటు నెలల తరబడి ఊరబెట్టిందట. ముక్కు దగ్గర పెట్టుకోగానే బెల్లం పాకం, కాలిన కొయ్య, వాటి వెనకాలే పచ్చి కొబ్బరి కోరు వాసన! కోనసీమ వాడికి ఇంకేం కావాలి? మొదటి గుటక బాగుంది. రెండో గుటకకి బెల్లమూ లేదు, కొబ్బరీ లేదు, గొంతులో మంట ఒక్కటే. నా మాట ఇదండి: కారం పళ్ళెంలో ఉండాలి, గ్లాసులో కాదు. మన తాతలు కల్లు ముంతలో మిరపకాయ వెయ్యలేదు, పక్కన నెత్తళ్ళ వేపుడు పెట్టుకున్నారు. అన్ని నెలలు ఓపిగ్గా పీపా ఇచ్చిన రుచిని రెండో గుటకలో తగలబెట్టెయ్యడం అన్యాయం.

యానాం గట్టు
ఎంత చల్లగా తాగారండి? పక్కన ఏం పెట్టారు?

రాజోలు కుర్రాడు
బీరే కదా అని ఐసులో పెట్టాం. రొయ్యల వేపుడు, మిరపకాయ బజ్జీలు.

యానాం గట్టు
అదిగో, అక్కడే పోయిందండి. ఆ కొబ్బరి వాసన మీ ఊహ కాదు. ఓక్ కొయ్యలో లాక్టోన్ అనే పదార్థం ఉంటుంది, దాని వాసన అచ్చం కొబ్బరే. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌ని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పొయ్యాలి. ఒకసారి వాడిన పీపా మళ్ళీ బోర్బన్‌కి పనికిరాదు కాబట్టి ఏల్ కాచేవాళ్ళకి దొరుకుతుంది, కొబ్బరీ వెనిల్లా వాసనలు దాంతోనే వస్తాయి. ఐసులో పెడితే ఆ వాసనలు పైకి లేవవు. ఇలాంటిది 12, 14 డిగ్రీల దగ్గర, చిన్న గ్లాసులో, పది నిమిషాలకో గుటక చొప్పున తాగాలి. మీరు బజ్జీతో నోరు ముందే మండించుకుని కూర్చున్నారు. ఆ మంట ఏల్‌దని ఎలా చెబుతాం?

తాతల మాటకొస్తే, మిరపకాయ మన నేల పంటే కాదు కదండీ. పోర్చుగీసు ఓడల్లో వచ్చింది. అంతకుముందు మన కారం మిరియాలే. బయటినుంచి వచ్చిన కాయని పచ్చట్లోకీ పప్పులోకీ తెచ్చుకున్నాం, గ్లాసు దగ్గర మాత్రం ఎందుకు గీత గియ్యాలి?

మండపేట మేష్టారు
గట్టు గారూ, చల్లదనం మాట ఒప్పుకుంటాను. కానీ కుర్రాడిది పూర్తిగా బజ్జీ తప్పు కాదు. కారానికి నాలుక మీద స్పందించే గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, ఆయనకి 2021లో నోబెల్ వచ్చింది. అది మామూలుగా 43 డిగ్రీల వేడి తగిలితేనే మేలుకుంటుంది. ఆల్కహాలు ఆ మెట్టుని 34 దగ్గరికి దించుతుంది. అంటే మన ఒంటి వేడే మంటలా తోస్తుంది. మిరప, మద్యం రెండూ ఒకే తలుపు తడుతున్నాయన్నమాట! పైగా మిరపకి కారాన్నిచ్చే కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, ఆల్కహాల్లో కరుగుతుంది. 5 శాతం బీరులో నానిన కాయకీ, 12 శాతం ఏల్‌లో నెలలు నానిన కాయకీ పోలిక లేదు.

కాలిఫోర్నియాలో స్టోన్ బ్రూయింగ్ వాళ్ళు తమ ‘డబుల్ బాస్టర్డ్’ ఏల్‌ని మిరపకాయలతో బోర్బన్ పీపాల్లో ఊరబెట్టి, ‘పనిష్‌మెంట్’ అని పేరు పెట్టారు. మంట కోసమే తాగేవాళ్ళకి అది సరే. రుచి కోసం తాగేవాడికి మోతాదే ముఖ్యం.

లంక రైతు
నేను మిరప వేస్తానండి, తాగుడు సంగతి నాకు తెలీదు. కానీ ‘మిరపకాయ’ అని ఒకే మాటగా తీసిపారేస్తుంటే ఊరుకోలేకపోయాను. గుంటూరు సన్నం ఘాటుకి, బ్యాడిగి రంగుకీ వాసనకీ. బ్యాడిగి కాయలో కారం చాలా తక్కువ. కారం గింజలో ఉంటుందంటారు, అదీ తప్పే. గింజలు అంటుకునే తెల్లటి పొరలో ఉంటుంది. ఆ పొర గీకేసి, తోలు ఎండబెట్టి వేస్తే ఎండుద్రాక్షలాంటి వాసన వస్తుంది, మంట పెద్దగా రాదు. ఆ సీసాలో ఏ కాయ వేశారో తెలియకుండా మిరపదే తప్పనకండి.

యానాం గట్టు
రైతు గారూ, దణ్ణమండి. ఈ మాట నాకు తట్టనే లేదు.

రాజోలు కుర్రాడు
బావ దగ్గర రెండో సీసా ఉందండి. నిన్న రాత్రి ఐసు లేకుండా, బజ్జీ లేకుండా, అరుగు మీద కూర్చుని విప్పాం. గట్టు గారు చెప్పింది నిజమే, కొబ్బరి మూడో గుటక దాకా నిలబడింది. సీసా మీద చూస్తే ‘మిరపకాయలు’ అని ఉంది తప్ప ఏ రకమో లేదు. నాలుగో గుటకకి మళ్ళీ మంటే మిగిలింది. గ్లాసు దించేసి పెరుగన్నం కలుపుకున్నాను, అప్పుడుగానీ నోరు చల్లబడలేదు. మా బావ మాత్రం నా గ్లాసు కూడా తీసుకుని నెమ్మదిగా పూర్తి చేశాడు. రైతు గారు చెప్పిన బ్యాడిగి తోలుతో ఎవరైనా కాస్తే చెప్పండి, వచ్చి తాగుతాను. అప్పటిదాకా నా ఓటు పళ్ళేనికే.